పేర్లు లెక్కలోకి రావు

24 సెప్టెంబర్ 1978, ఆదివారం

ఈ నోటుబుక్కు ఆటకని తెప్పించుకున్నది. ముందు పేజీలు ఆటకే ఉంచి, ఇక మీద వెనక వైపు నుంచి ఇట్లా రాసుకుంటాను. ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేదు. అత్తమ్మ మాట్లాడదు, ఆజ్ఞ వేస్తుంది. వారు మాట్లాడరు, ఉపన్యాసం ఇస్తారు.

నీళ్ళు తెచ్చే బుచ్చవ్వ రావడం మానేసి పదకొండు రోజులు. చాకలి రాడు, మంగలి రాడు, పాలేర్లు రారు. దొరల గడిలో ఎవరూ పని చేయొద్దని రైతుకూలీ సంఘం కట్టడి చేసింది. వారి గడ్డం చూస్తే నవ్వొస్తోంది గానీ నవ్వితే కొంప మునుగుతుంది. గడి లోపలి బావి ఎండిపోయి మూడేళ్ళు. అందుకని తెల్లవారుతుండగానే నేనే బిందె తీసుకుని మంచినీళ్ళ బావికి పోతున్నాను. ఈ ఊరికి కోడలిగా వచ్చి పదహారేళ్ళు. బావి ఎటు దిక్కున ఉందో మొన్నటిదాకా నాకు తెలియదు. మొదటి రోజు తోవ తప్పి ఎవరిదో కల్లం దాకా పోయాను. కుక్క మొరిగింది. ఎవరికీ చెప్పలేదు.

నాతో బడిలో చదివిన హఫీజా కార్డు వచ్చింది, ఆటకి నాలుగు అక్షరాలు. డబ్ల్యూ, ఏ, టి, ఈ.

స్వెట్, వీట్, వేస్ట్, వెదర్, స్వెటర్... పదిహేడు రాసి, ఇక లేవులే అని లేవబోతుంటే కాలికి బిందె తగిలింది. వాటర్! నీళ్ళు మోసే మనిషికి వాటర్ చివర్న తట్టింది. హఫీజాకు ఈ సంగతి రాయాలి. కాని కార్డు మీద ఆట తప్ప మాటలు రాయకూడదు కదా.

2 అక్టోబర్

అత్తమ్మ మళ్ళీ గుర్తు చేసింది. "గడి ఆడోళ్ళ పేరు పోస్టుకార్డు మీద ఊరూరు తిరుగుతదా? రాస్తె రాయి, పేరు పెట్టకు." నేను ఎప్పుడు పెట్టాను? ఆరేళ్ళుగా ఆడుతున్నాం, ఒక్క కార్డు మీద కూడా నా పేరు లేదు. హఫీజా ఇంట్లోనూ అదే పట్టింపు. అందుకే నా కార్డులు ఆమె పేరున పోవు, "దస్తగిర్, గడియారాల దుకాణం, కోరుట్ల" అని పోతాయి. పాపం హఫీజా మొగుడు, మధ్యాహ్నం అన్నానికి పోతూ జేబులో వేసుకుని పోయి ఇస్తాడు. ఆయనకు ఇంగ్లీషులో గడియారం మీది అంకెలు తప్ప రావు.

జగిత్యాల బడిలో ఈ ఆట మాకు గిరిజ టీచర్ నేర్పింది. ఒకరు నాలుగు అక్షరాలు ఇవ్వాలి. ఆ నాలుగూ ఉన్న మాటలు రెండోవాళ్ళు వెతకాలి. అక్షరాలు ముందువెనకలైనా, మధ్యలో వేరేవి దూరినా పరవాలేదు. మాటకో మార్కు. పేర్లు లెక్కలోకి రావు. మనుషుల పేర్లు గానీ ఊళ్ళ పేర్లు గానీ రాస్తే టీచర్ ఎర్ర సిరాతో కొట్టేసేది.

10 అక్టోబర్

గడి ముందుకు బతుకమ్మలు రాలేదు. దూరం నుంచి చప్పట్లు వినబడ్డాయి.

15 అక్టోబర్, ఆదివారం

ఎల్, ఐ, ఎన్, ఈ. ఇంత సులువైనవి ఇచ్చిందేమిటి హఫీజా అనుకున్నాను. లైన్, లిసన్, పెన్సిల్, క్లయింట్, సైలెంట్, సైలెన్స్, వయొలెన్స్. ఇరవై రెండు. ఆఖర్న ఒక చిలిపి ఆలోచన వచ్చింది. లెనిన్ అని రాసి, అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన ఇంగ్లీషులో "పేర్లు లెక్కలోకి రావు" అని రాశాను. గిరిజ టీచర్‌లా ఎర్ర సిరాతోనే. హఫీజా పడీపడీ నవ్వుతుంది.

ఊరి పోస్టు చూసే రాజయ్య వచ్చి కార్డు తీసుకుపోయాడు. గడికి వచ్చేవాడు ఇప్పుడు అతనొక్కడే, సర్కారు కొలువు కనుక. గేటు దగ్గరే నిలబడి కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. అతనికి ఇంగ్లీషు రాదు కాని ఏ కార్డునూ చదవకుండా సంచిలో వేయడు. "గీ ఆట ఇంక ఒడువలేదా అమ్మా?" అన్నాడు.

22 అక్టోబర్

సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించారట. రేడియో కట్టేసి వారు చాలా రోజుల తర్వాత పప్పు బాగుందన్నారు. మన ఊళ్ళో పోలీసు క్యాంపు పెట్టించాలని పట్టుదలగా ఉన్నారు. "సంగపోళ్ళ మీద ఒక్క రుజువు దొరకాలె, ఒక్కటి," అంటూ తిరుగుతున్నారు.

7 నవంబర్, మంగళవారం

జీపు వచ్చింది. ఎస్సై కొత్తవాడు, కోస్తా మనిషి. వారు వసారాలో కూర్చోబెట్టి మర్యాదలు చేశారు. నేను టీ కాచి తలుపు దాకా తెచ్చాను, అక్కడి నుంచి వారు అందుకున్నారు.

ఎస్సై ఒక కార్డుల కట్ట తీసి బల్ల మీద వేశాడు. తలుపు సందులోంచి నా దస్తూరి నాకు కనబడింది.

"కోరుట్లలో గడియారాలు బాగుచేసే దస్తగిర్ అనేవాణ్ణి శనివారం పట్టుకున్నామండీ. ఇవి వాడింట్లో దొరికాయి. అన్నిటి మీదా మీ ఊరి పోస్టు ముద్రే. రాసినవాళ్ళ పేరు లేదు. నాలుగేసి అక్షరాలు, కింద మాటలు, చివర అంకెలు. ఇదిగో, లెనిన్ అని రాసి ఎర్ర సిరాతో కొట్టేశారు. పక్కన పేర్లు లెక్కలోకి రావట. ఇది కోడ్ కాకపోతే ఇంకేమిటి? వాడేమో ఆడవాళ్ళ ఆటంటాడు. ఎవరా ఆడమనిషి అంటే, పరాయి ఇంటి ఆడవాళ్ళ పేరు ఠాణాలో ఎత్తనంటాడు. మీ ఇంట్లో ఎవరికైనా ఇంగ్లీషు రాయడం వచ్చా?"

వారు కార్డు తీసుకుని చూశారు. చాలాసేపు చూశారు.

"మా ఇంట్ల ఎవలకు రాదు సార్. నాకు గూడ సంతకం వరకే. గిది సంగపోళ్ళ పనే. అందుకేనయా, ఊళ్ళె క్యాంపు పెట్టున్రని మొత్తుకుంటున్న."

కప్పులు నాలుగే మిగిలాయి. అంచు విరిగిన కప్పు ఎస్సైకి పోయింది. చూసుకోవలసింది. ఏమనుకున్నాడో.

8 నవంబర్

నిన్న ఎస్సై ఏమడిగాడో నాకు సరిగా వినబడలేదు. ఆ తలుపు మందం.

అన్నం వడ్డిస్తూ వారిని అడిగాను, ఆ కార్డులు అని. "ఏ కార్డులు?" అన్నారు. పెళ్ళయిన కొత్తలో హైదరాబాదు నుంచి నాకు డిక్షనరీ మోసుకొచ్చిన మనిషి. "సులోచన ఇంగ్లీషు పండిత్రాలు" అని చుట్టాల ముందు మురిసిన మనిషి. కాసేపటికి తనంతట తనే అన్నారు. "రెండు దినాలు ఉంచుకోని ఇడుస్తరు. మన ఇంటి ఆడిదాని పేరు ఠాణాల పడ్డదంటే ఏడు తరాలకు పోదు. అడుసు తొక్కుడెందుకు, కాలు కడుగుడెందుకు?"

రెండు రోజులే అంటున్నారు. వారికి పోలీసుల సంగతి తెలుసు.

10 నవంబర్, శుక్రవారం

మడమ నొప్పిగా ఉండి నీళ్ళకు పోలేదు. బిందె అడుగున ఉన్న రెండు చెంబులూ పప్పుకే సరిపోయాయి.

పది గంటలకు హఫీజా వచ్చిందట. గేటు దగ్గర అత్తమ్మ మాట్లాడింది. నేను స్నానంలో ఉన్నాను.

"సులోచనను ఒక్కసారి పిలువున్రి పెద్దమ్మా. ఆమె అచ్చి ఒక్క మాట జెప్తె మా ఆయనను ఇడుస్తరు," అన్నదట. అత్తమ్మ, "గా పేరుగలోళ్ళు ఈ ఇంట్ల లేరు బిడ్డా. ఇల్లు తప్పి అచ్చినవ్," అన్నదట. హఫీజా చాలాసేపు నిలబడింది. నీలం బురఖా. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని ఎండలో బస్సు రోడ్డు దాకా నడిచిపోయింది.

నేను స్నానంలో ఉన్నాను.

12 నవంబర్

ఏమీ తోచక నాకు నేనే అక్షరాలు ఇచ్చుకున్నాను. ఎస్, ఎల్, ఐ, పి. స్లిప్, లిప్స్, స్పాయిల్, స్ప్లిట్. స్లిప్పర్ రాశాక పెన్సిల్ పెట్టేశాను.

14 నవంబర్

రెండు రోజులన్నారు. పది రోజులు దాటాయి.

17 నవంబర్, శుక్రవారం

బావి దగ్గర బుచ్చవ్వ ఎదురైంది. కట్టడి కదా, నాతో మాట్లాడకూడదు. మొహం పక్కకు తిప్పుకునే చేద వేసింది. నేనూ పక్కకు తిరిగే తోడుకుంటున్నాను. అట్లా ఇద్దరం చెరో దిక్కు చూస్తూ ఉండగా, బావిలోకి చెప్పినట్టు చెప్పింది.

"గడియారాలాయన కుడి చేతి ఏళ్ళు ఇరగగొట్టిన్లట."

నా చేద జారి నీళ్ళలో పడింది.

"గా కార్డులు మీయేనని రాజయ్యకెర్క, నాకెర్క, ఊరందరికెర్క దొర్సానీ. నేనే గదా ఇన్నేండ్లు డబ్బల ఏసింది. మేం జెప్తె పోలీసోళ్ళు నమ్ముతరా? మమ్ముల గూడ గండ్లనే ఏస్తరు. చెప్పెటోళ్ళేమొ చెప్పకపాయె." బిందె నెత్తిన పెట్టుకుంది. "కోరుట్ల తొవ్వల రోడ్డు బంగళాల ఉంచిన్లట." పోయింది.

ఊరందరికీ తెలుసు. తేలు కుట్టిన దొంగలా నేనొక్కదాన్నే ఎవరికీ తెలియదనుకుంటూ తిరుగుతున్నాను.

18 నవంబర్

రేపు వారు క్యాంపు పని మీద జగిత్యాల పోతున్నారు.

19 నవంబర్, ఆదివారం

వరసగా రాస్తాను. లేకపోతే రేపటికి నేనే మార్చుకుంటాను.

వారి జీపు కదిలిన పావుగంటకు బిందె తీసుకుని బయల్దేరాను. "ఎటు?" అంది అత్తమ్మ. "నీళ్ళకు," అన్నాను. కట్టడే లేకపోతే గడి కోడలికి గేటు దాటే వంక ఎక్కడిది? బిందె బావి గట్టు మీద పెట్టి రోడ్డెక్కాను. పెగడపల్లి నుంచి వచ్చే బస్సు ఎక్కి, జగిత్యాలలో దిగి కోరుట్ల బస్సు పట్టుకున్నాను. రెండు బస్సుల్లోనూ పోలీసులు ఎక్కి సంచులు తడిమారు. నాకు సంచీ లేదు. "ఎక్కడికమ్మా?" అంటే "నీళ్ళకు" అనబోయి నాలిక కరుచుకున్నాను.

బంగళా ప్రహరీ నీడలో హఫీజా కూర్చుని ఉంది. ఒళ్ళో టిఫిన్ డబ్బా. రోజూ తెస్తుందట, తీసుకుంటే తీసుకుంటారు, లేకపోతే లేదు. పరుగెత్తుకొస్తుందనుకున్నాను. లేవలేదు.

"అచ్చినవా సులూ," అంది.

"ఆ దినం నువ్వచ్చినప్పుడు నేను స్నానంల ఉన్న. నాకు తెలువలే," అన్నాను. అడగకముందే అన్నాను.

హఫీజా నా మొహం వంక చూసింది. "అట్లనా," అంది. డబ్బా ఒళ్ళో సరిచేసుకుంది.

లోపల ఎస్సైతో చెప్పాను. ఆ కార్డులు నావి. ఆట. ఆయన నవ్వాడు. "దామోదర్ రావు గారి భార్యా మీరు? మీ ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదన్నారే ఆయన."

"ఆయనకు తెలువది," అన్నాను. ఇదొక అబద్ధం.

ఎస్సై కాగితం నా ముందుకు తోసి మూడు అక్షరాలు రాశాడు. జి, యు, ఎన్. "ఆట కదా, ఆడండి చూద్దాం." పక్కన కానిస్టేబుళ్ళు మూగారు. గన్ రాశాను. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. గోడ అవతల ఎవరో దగ్గారు. అప్పుడు వచ్చాయి. యంగ్, లంగ్, టంగ్, హంగర్, గ్రౌండ్, లాంగ్వేజ్, కన్నింగ్, బర్నింగ్. ముప్పై ఒకటి రాశాను. నా జన్మలో అన్ని మార్కులు ఎప్పుడూ రాలేదు. ఎస్సై పాత కార్డు పక్కన పెట్టి దస్తూరి పోల్చుకున్నాడు. అక్షరాల మీద వేలు పెట్టి చాలా మాటలు సరిచూశాడు. అతని మొహంలో నవ్వు పోయింది.

"నేను మీ ఇంటికొచ్చి ఇవాళ్టికి పన్నెండు రోజులండీ," అన్నాడు. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?"

నేను కాగితం కింద మార్కులు వేశాను, ముప్పై ఒకటి.

వాంగ్మూలం రాయించుకున్నారు. నేను, సులోచన, భర్త పేరు దామోదర్ రావు, పై కార్డులన్నీ నేనే రాశాను. కింద సంతకం పెట్టాను. పెన్ను నొక్కి పెట్టాను, కాగితం చిరిగింది.

మూడు గంటలకు దస్తగిర్‌ను వదిలారు. గోడ పట్టుకుని వచ్చాడు. కుడి చేతికి తువ్వాలు చుట్టి ఉంది. నన్ను చూసి ఆగి ఎడమ చేత్తో సలాం చేశాడు.

"మీ పేరు నేను చెప్పలేదమ్మా," అన్నాడు. "ఎంత అడిగినా చెప్పలె."

హఫీజా ఆయన్ను పట్టుకుని బస్సు వైపు నడిపించుకుపోయింది. ఆమె కాళ్ళకు మగవాళ్ళ చెప్పులు ఉన్నాయి.

బిందె బావి గట్టు మీద అట్లాగే ఉంది. ఎవరో నిండా నింపి పెట్టారు.

20 నవంబర్

వారు ఒక్క మాటే అన్నారు. "నా పరువు తీస్కపోయి ఠాణాల పెట్టచ్చినవ్." అప్పటి నుంచి మాటల్లేవు. అత్తమ్మ నా చేతి నీళ్ళు తాగడం లేదు. తాగకపోతే ఎక్కడి నుంచి తెచ్చుకుంటుందో చూస్తాను.

27 నవంబర్

హఫీజాకు కార్డు రాశాను. బి, ఆర్, ఈ, డి. బ్రెడ్, బ్రీడ్, బర్డెన్, బోర్డర్... సులువైనవే ఇచ్చాను.

1 డిసెంబర్

జవాబు లేదు. దుకాణంలో పని పేరుకుపోయి ఉంటుంది. ఇన్ని రోజులు మూసి ఉంది కదా. ఇంకో కార్డు రాశాను.

4 డిసెంబర్

ఊరి బడిలో క్యాంపు దిగింది. కార్డులు కోడ్ కాదని తేలింది గానీ, కోడ్ దొరికిందని వారు పెట్టిన అర్జీ మాత్రం వెనక్కి రాలేదు. వారు గడ్డం గీయించుకున్నారు. క్యాంపు వాళ్ళు ఇంటింటికీ తిరిగి భయపెట్టి పనివాళ్ళను పంపారు. బుచ్చవ్వ వచ్చి వాకిట్లో నిలబడింది. నా కళ్ళలోకి చూడలేదు. "నీళ్ళు నేనే తెచ్చుకుంట, నువ్వు పో," అన్నాను.

7 డిసెంబర్, గురువారం

రాజయ్య కోరుట్లలో చుట్టాలింటికి పోయి వచ్చాడు. చెప్పొద్దనుకుంటూనే చెప్పాడు. దస్తగిర్ వేళ్ళు అతికాయి గాని వంగడం లేదట. సన్న పట్టకారుతో చిన్న చక్రం పట్టుకుంటే జారిపోతుందట. ఇప్పుడు హఫీజానే దుకాణంలో కూర్చుంటోంది. ఆయన పక్కన కూర్చుని చెబుతుంటే ఆమె గడియారాలు విప్పుతోంది.

"కార్డులు ముట్టినయా ఆమెకు?" అని అడిగాను.

"ముట్టినయమ్మా. మేజ మీదనే ఉన్నయి, రెండు. నేను జూసిన." కాసేపు సంచి తాడు సరిచేసుకున్నాడు. "తిప్పి గూడ చూడలేదు ఆమె."

11 డిసెంబర్, సోమవారం

ఈ నోటుబుక్కు మొదటి నుంచి చదివాను. నవంబర్ ఏడో తారీకున అన్నీ విన్నట్టు రాసి, ఎనిమిదో తారీకున తలుపు మందం అని రాశాను. పదో తారీకున ఇంట్లో నీళ్ళు లేవని రాసి, ఆ కిందే స్నానంలో ఉన్నానని రాశాను. రెండుసార్లు. నా పుస్తకంలో, నేను తప్ప ఎవరూ చదవని పుస్తకంలో. గిరిజ టీచర్ ఉంటే ఎర్ర సిరాతో ఎన్ని గీతలు కొట్టేదో. పైగా హఫీజా మొహం మీదే మూడోసారి అన్నాను.

అందుకని ఇవాళ ఒక కార్డు రాశాను. అక్షరాలు ఇవ్వలేదు. తెలుగులో, అందరూ చదువుకునేట్టు రాశాను. దాని నకలు ఇక్కడ కూడా ఉంచుతున్నాను.

"హఫీజా, ఆ రోజు నేను స్నానంలో లేను. ఇంట్లో నీళ్ళే లేవు. మేడ మీద కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. నువ్వు అడిగింది అంతా విన్నాను. పోతూ పోతూ నువ్వు తలెత్తి చూశావు. నన్ను చూశావు. నేను కిటికీ రెక్క వేసుకున్నాను. పన్నెండో రోజున నేను వచ్చినందుకు దస్తగిర్‌ను విడిచారు, మొదటి రోజున రానందుకు ఆయన వేళ్ళు విరిగాయి. క్షమించమని అడగను. నువ్వు చూశావని నాకు తెలుసు, అది చెప్పడానికే రాశాను."

చిరునామా దగ్గర హఫీజా బేగం అని రాశాను. పంపేవారు అన్నచోట సులోచన అని రాసి, కింద ఊరి పేరు కూడా రాశాను.

రాజయ్య గేటు దగ్గర నిలబడి కార్డు ఎప్పటిలాగే తిప్పి చూశాడు. ఈసారి తనకు వచ్చిన భాషే. పెదవులు కదుపుతూ మెల్లగా మొత్తం చదివాడు. వసారాలో అత్తమ్మ కూర్చుని ఉంది. నేను లోపలికి పోలేదు.

"పేరు గూడ రాసిన్లు గదనమ్మా," అన్నాడు.

"రాసిన," అన్నాను. "తీస్కపో."